కర్త లేని వాక్యం

యాకుత్‌పురా,
4 ఆగస్టు 2025

స్ఫూర్తికి,

ఆశీస్సులు చివర రాస్తాను, అప్పటికి కోపం కాస్త దిగితే. ముప్పై ఏళ్లు అచ్చు యంత్రం పక్కన కూచుని ప్రూఫులు దిద్దిన పుణ్యానికి నా చెవులు పోయాయి కాబట్టి నువ్వు ఫోను మాటలతో తప్పించుకునే వీలు లేదు. కాగితం మీదే జవాబు చెప్పు.

మనకు పాలు పోసే ఆండాలు తన కథ చెప్తుంటే నేను రాసుకున్న 'ఆండాలు చెప్పింది' పుస్తకాన్ని మీ కంపెనీ ఈ-బుక్కు చేసింది కదా. పాతికేళ్ల కిందట మూడు వందల ప్రతులు వేస్తే అవి చెదలకు కొన్ని, చుట్టాలకు కొన్ని పోయాయి. ఇక ప్రపంచమంతా చదువుతుంది మామయ్యా అని నువ్వే నాచేత సంతకం పెట్టించావు. నిన్న జహనుమాలో ఆండాలు ఇంటికి వెళ్లాను. ఆండాలు మనవరాలు తనూజ ట్యాబు ముందు పెట్టుకుని నానమ్మకు ఆ పుస్తకం చదివి వినిపిస్తోంది. ఆండాలుకు చదువు రాదు. అచ్చు పుస్తకం చేతికిచ్చిన రోజున కళ్లకద్దుకుని పెట్టెలో పెట్టుకుంది, అంతే. పన్నెండు బర్రెలున్న ఇంట్లో కూచుని చదివించుకునే తీరిక ఎవరికుంది? చదివి వినిపిస్తానని నేనూ అనలేదు. తన కథ తాను వినడం ఆమెకు ఇదే మొదలు.

రెండు పేజీలైనా కాలేదు, లేచి గడ్డి వెయ్యడానికి వెళ్లిపోయింది. వెనకే వెళ్లి ఏమైందని అడిగాను. నా చెవికి నోరు ఆనించి చెప్పింది.

"పంతులూ, నా కథల నేనేడున్న? అంత గాయినే చేసిండట."

గాయిన అంటే ఆమె మొగుడు సాయిలు. ట్యాబు తీసుకుని చూశాను. నీకు గుర్తుందో లేదో, ఇంట్లోకి వరద వచ్చిన వాన పేజీ అచ్చు పుస్తకంలో ఇలా ఉంటుంది: 'సాయిలు సోయి లేకుంట మంచంల పండిండు. నీళ్లు మోకాళ్ల దాక వచ్చినయ్. పోరన్ని బర్రె మీద కట్టిన. బర్లను ఇడిసిన. గుట్ట మీదికి తోలిన. మళ్ల వచ్చిన. ఆయన్ని భుజం మీద ఏసుకున్న.'

మీరు దాన్ని ఇలా చేశారు: 'సాయిలు స్పృహ లేకుండా మంచంలో పడుకున్నాడు. నీళ్లు మోకాళ్ల వరకు వచ్చాయి. పిల్లవాడిని బర్రె మీద కట్టాడు. బర్రెలను వదిలాడు. గుట్ట మీదికి తోలాడు. మళ్లీ వచ్చాడు. ఆయనను భుజం మీద వేసుకున్నాడు.'

స్పృహ లేనివాడు లేచి, బర్రెలు తోలి, తిరిగొచ్చి, తనను తానే భుజాన వేసుకుని పోయాడట. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టుంది మీ వ్యవహారం.

మన దగ్గర 'నేను వచ్చాను' అనడానికి 'వచ్చిన' అంటారు. ఆ ఒక్క మాటలోనే 'నేను' ఉంది. 'వచ్చిన మనిషి'లోని 'వచ్చిన' వేరు, ఇది వేరు. ఈ సంగతి మీ వాళ్లకు తెలియలేదు. వాక్యంలో మనిషి కనబడకపోయేసరికి పైవాక్యంలో ఎవరు దొరికితే వాళ్లకు అంటగట్టారు. దొరికినవాడు సాయిలు. బర్రె కొన్నది సాయిలు, పాలు పిండింది సాయిలు, యాకుత్‌పురాలో మన గడప ముందు క్యాను దించింది కూడా సాయిలేనట. ఆ పాలు తాగి పెరిగినదానివి, క్యాను దించింది ఎవరో నీకు తెలియదా?

సాయిలుకు ఆ రోజు సోయి ఎందుకు లేదో మనిద్దరికీ తెలుసు. కల్లు సంగతి రాయొద్దు, జ్వరమని రాయి, కొడుకు పెద్దయ్యాక చదువుతాడు అని ఆండాలే అడ్డుపడింది. మొగుడి పరువు కాపాడినందుకు ఆమెకు దక్కిన బహుమానం ఇది.

ఈ పని చేసిందెవరో కనుక్కుని రాయి. కోపం దిగలేదు కాబట్టి ఆశీస్సులు ఈసారికి లేవు.

మామయ్య
సదాశివ

*

బెంగళూరు,
16 ఆగస్టు

మామయ్యకు నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. చాలా బాధ కలిగింది. అమ్మ కూడా ఫోనులో రెండుసార్లు అడిగింది, అన్నయ్య అంత కోపంగా ఎందుకున్నాడని. మీ చెల్లెలు కోమలవల్లి గారికి నేనేం చెప్పను?

సంగతి ఇది. మా దగ్గర ప్రతి పుస్తకాన్నీ ప్రామాణిక భాషలోకి మార్చే ఒక దశ ఉంటుంది. అలా మారిస్తే ట్యాబులో పైకి చదివే గొంతు తడబడకుండా పలుకుతుంది, అన్ని ప్రాంతాలవాళ్లకూ సులువుగా ఉంటుంది. ఆ దశలో కొన్ని వాక్యాల్లో కర్త సరిగా గుర్తించబడలేదు. తర్వాత ఫైలు పరిశీలించబడింది కూడా. అయినా పొరపాటు దొర్లింది. సంబంధిత విభాగానికి తెలియజేయడం జరిగింది.

ఈ-బుక్కులో ఒక మంచి ఉంది మామయ్యా. అచ్చు పుస్తకంలో తప్పు పడితే పడిందే. ఇక్కడ మేం సరిచేసి పంపితే, కొన్న ప్రతివాళ్ల పరికరంలోనూ రాత్రికి రాత్రి మారిపోతుంది. కాస్త ఓపిక పట్టండి. పుస్తకానికి ఆదరణ బాగుంది, ఐదుకు నాలుగున్నర నక్షత్రాలు వచ్చాయి. ఆండాలవ్వకు ఆ మాట చెప్పండి, సంతోషిస్తుంది.

మీ
స్ఫూర్తి

*

యాకుత్‌పురా,
28 ఆగస్టు

స్ఫూర్తికి,

గుర్తించబడలేదు. పరిశీలించబడింది. దొర్లింది. తెలియజేయడం జరిగింది. నీ ఉత్తరాన్ని ఎర్ర పెన్ను పట్టుకుని మూడుసార్లు చదివాను. ఒక్క వాక్యంలోనైనా పని చేసిన మనిషి లేడు. పొరపాటు దానంతట అదే దొర్లడానికి అదేమన్నా చింతపిక్కా? ఎవరో ఒకరు చూడాలి, ఎవరో ఒకరు సరే అనాలి. ఆ ఒకరు ఎవరు?

నక్షత్రాల సంగతి రాశావు కదా, తనూజ ఆ అభిప్రాయాలన్నీ నాకు చూపించింది. ఒకాయన రాశాడు: 'జ్వరంతో స్పృహ తప్పిన స్థితిలోనూ లేచి బర్రెలను కాపాడిన సాయిలు గారికి పాదాభివందనం.' ఇంకొకావిడ 'ఆయనను భుజం మీద' అన్న వాక్యం చదివి, సాయిలు ఎవరో ముసలాయనను మోసుకుపోయాడని అర్థం చేసుకుని కన్నీరు కార్చింది. ఆ వాక్యం కింద నూట పన్నెండు మంది గీత గీశారని మీ ట్యాబే చూపిస్తోంది. అంతమందిలో ఒక్కరికైనా, ఇదేమిటి, పుస్తకం పేరు ఆండాలు కదా అని అనుమానం రాలేదు. సొమ్మొకడిది, సోకొకడిది అయింది.

అంతటితో పోతే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. ఆండాలు కొడుకు మహేందర్ ఉన్నాడు కదా, చాంద్రాయణగుట్ట చౌరస్తా దగ్గర పాల దుకాణం నడుపుతున్నాడు, పెట్టెలోని అచ్చు పుస్తకం ఏనాడూ తెరవని అతనూ దీన్ని ఫోనులో చదివాడు. తండ్రి పోయేనాటికి అతనికి ఐదేళ్లు. తండ్రి ముఖమే సరిగా గుర్తులేదు. ఇప్పుడు పుస్తకం నిండా తండ్రి కనబడేసరికి మనిషి పొంగిపోయాడు. పాడి సంఘంవాళ్లకు చదివి వినిపించాడు. దీపావళి వెళ్లాక సదర్ పండుగకు దున్నలను, బర్రెలను ముస్తాబు చేసి ఊరేగిస్తారు కదా, ఈసారి ఆ వేదిక మీద స్వర్గీయ సాయిలుకు సన్మానమట. ఫోటోకు దండ వేస్తారట, ఆయన తరఫున శాలువా ఆండాలుకు కప్పుతారట. చౌరస్తాలో ఫ్లెక్సీ కూడా కట్టేశారు. దాని మీద సాయిలు బొమ్మ నా గుమ్మమంత ఉంది. కింద మూలన 'సతీమణి ఆండాలు' అని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

మహేందర్‌ను పిలిపించి అసలు సంగతి చెప్పబోయాను. సగం విని నా చేతులు పట్టుకున్నాడు. నా కోసం గట్టిగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాడు.

"గిన్నేళ్లకు మా బాపుకు ఇజ్జత్ వచ్చింది సార్. నన్ను బర్రె మీద కట్టి బతికించిండు. గది ఖరాబు చెయ్యకున్రి."

ఆండాలును అడిగితే, వాడికి నేనేం చెప్పాలి పంతులూ, పుస్తకమే గట్ల చెప్తుంటే అంది. ఆ శాలువా ఆమె భుజాన పడితే ఇక ఆమె జీవితం ఆమెది కాదు స్ఫూర్తీ. ఆమె నోటితోనే ఒప్పుకున్నట్టవుతుంది. సదర్‌కు ఇంకా రెండు నెలలైనా లేదు. నాకు పేరు కావాలి. ఎవరు?

సదాశివ

*

బెంగళూరు,
9 సెప్టెంబరు

మామయ్యా,

నేనే.

యంత్రం చేసిన మార్పులన్నీ తెర మీద పసుపు రంగులో వచ్చాయి. పంతొమ్మిది వందల పైచిలుకు. ఒక్కొక్కటీ చదివి ఒప్పుకోవాలి. ఆ వారం నా మీద నలభై పుస్తకాలున్నాయి. పైన 'అన్నీ అంగీకరించు' అని ఒక బటన్ ఉంటుంది. నేను దాన్ని నొక్కాను. పుస్తకం ఎవరిదో తెలిసే నొక్కాను. ఇంటి పుస్తకమే కదా, తర్వాత తీరిగ్గా చూద్దామనుకున్నాను. తర్వాత చూడలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. మొదటి నాలుగైదు మార్పులు చూశాను. 'వచ్చిన' పోయి 'వచ్చాను' అయిన చోట్లు. అవి సరిగ్గానే ఉన్నాయి. అలా మారితేనే పుస్తకం పద్ధతిగా ఉందనిపించింది. హాస్టల్లో చేరిన కొత్తలో 'నిన్న వచ్చిన' అంటే, వచ్చిన ఎవరు, వచ్చిన ఏమిటి, వాక్యం పూర్తి చెయ్యి అని నవ్వేవాళ్లు. నెల తిరక్కుండా మార్చేసుకున్నాను. నన్ను నేను ఎలా దిద్దుకున్నానో అవ్వను కూడా అలాగే దిద్దితే బాగుంటుందనుకున్నాను. ఇది రాస్తుంటే నా మీద నాకే ఒళ్లు మండుతోంది.

ఇప్పుడు నా పైఅధికారి మీద ఒళ్లు మండే సంగతి. అన్నీ వెనక్కి తిప్పుతామంటే, దేనికి, అమ్మకాలు బాగున్నాయి కదా అన్నాడు. తప్పు అని చెప్తే రుజువేమిటన్నాడు. అచ్చు పుస్తకం పేజీ చూపించాను. ఇందులోనూ 'నేను' అని లేదు కదా, బర్రెలు వదిలింది ఆవిడే అని ఏముంది, మీ ప్రాంతంవాళ్లు అలా అర్థం చేసుకుంటారు, అది అభిప్రాయం అన్నాడు. మా భాష అభిప్రాయమట మామయ్యా.

మీరు ఆండాలవ్వతో మాట్లాడించి క్యాసెట్లలో ఎక్కించారు కదా. అవి ఇంకా ఉన్నాయా? ఆవిడ గొంతు ఉంటే ఇక ఎవడూ కాదనలేడు.

స్ఫూర్తి

*

యాకుత్‌పురా,
17 సెప్టెంబరు

స్ఫూర్తికి,

పేరు అడిగాను, ఇచ్చావు. నీ మీద కోపం పోలేదు కానీ నిన్ను ఇప్పుడు తిట్టను. తిట్టాల్సినవాళ్లు ఇంకా పైన ఉన్నారు.

క్యాసెట్లు తొమ్మిదీ ఉన్నాయి. మంచాల షాపు పక్కన పాత టేపురికార్డర్లు బాగుచేసే ఆయన దగ్గర వాటిని ఫోనులోకి ఎక్కించి తనూజ నీకు పంపిస్తుంది. నేను విని సరిచూద్దామంటే నా చెవులకు గరగర తప్ప ఏమీ వినబడలేదు. నువ్వే విను. మీ పైఅధికారిని కూడా కూచోబెట్టి వినిపించు. నా పుస్తకాన్ని అక్షరం అక్షరం పోల్చి చూసుకోమను. ఆమె నోటినుంచి వచ్చిన మాటను వచ్చినట్టు దించాను. 'ఇడిసిన'ను 'విడిచిన' అని కూడా దిద్దలేదు. అప్పట్లో ప్రెస్సులో అందరూ ఇదేం భాష సదాశివా అని వెక్కిరించారు, లెక్కచెయ్యలేదు. మీ యంత్రం ఒక్క గంటలో చేసిన పాపం నేను పాతికేళ్ల కింద చెయ్యలేదని ఆ క్యాసెట్లే చెప్తాయి.

ఫ్లెక్సీకి నిన్న పూలదండ కూడా వేశారు. ఆండాలు ఆ దారిన పోవడం మానేసి చుట్టు తిరిగి వస్తోంది.

మామయ్య

*

బెంగళూరు,
30 సెప్టెంబరు

మామయ్యా,

తొమ్మిది క్యాసెట్లూ విన్నాను. వాన భాగం ఐదో క్యాసెట్లో ఉంది. నాలుగుసార్లు విని రాసుకున్నాను. మీ పుస్తకం పక్కన పెట్టుకుని చదవండి.

'సాయిలు సోయి లేకుంట మంచంల పండిండు. నీళ్లు మోకాళ్ల దాక వచ్చినయ్. నేను పోరన్ని బర్రె మీద కట్టిన. నేను బర్లను ఇడిసిన. నేను గుట్ట మీదికి తోలిన. మళ్ల నేనే వచ్చిన. ఆయన్ని నేను భుజం మీద ఏసుకున్న. నేను ఏడ్వలే.'

తన పని చెప్పిన ప్రతి వాక్యంలోనూ 'నేను' ఉంది. గట్టిగా, ఒత్తి పలికింది. చివర్లో 'నేను ఏడ్వలే' అన్న వాక్యమైతే మీ పుస్తకంలో మొత్తానికే లేదు. మిగిలిన క్యాసెట్లలోనూ లెక్కపెట్టాను. ఆండాలవ్వ ఆరు వందల పద్నాలుగు సార్లు 'నేను' అంది. మీరు అచ్చువేసినవి ముప్పై ఒకటి.

మా యంత్రం కర్త లేని వాక్యాలకు కర్తను తప్పుగా పెట్టింది, నిజమే. నేను చూడకుండా ఒప్పుకున్నాను, అదీ నిజమే. కానీ ఆ వాక్యాల్లో కర్త లేకుండా చేసిందెవరు? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అక్షరం ముట్టలేదని రాశారే, ఎంత ధీమాగా రాశారు? నన్ను పేరు అడిగారు కదా. ఇప్పుడు నేను అడుగుతున్నాను.

క్యాసెట్టు విన్నాక మా పైఅధికారి నోరు మూసుకున్నాడు. 'నేను'లన్నీ పెట్టి, ఆమె భాష ఆమెకుంచి కొత్త ఫైలు పంపమన్నాడు. ఆ పని నేను మొదలుపెట్టాను. కానీ ఆండాలవ్వకు ఈ సంగతి మీరే చెప్పాలి. నేను చెప్పను.

స్ఫూర్తి

*

యాకుత్‌పురా,
27 అక్టోబరు

చి. స్ఫూర్తికి,

ఇన్నాళ్లూ జవాబు రాయకపోవడానికి ఒంట్లో బాగాలేదని ఏదో ఒకటి రాయొచ్చు. రాయను. చేసింది నేను.

నీ ఉత్తరం చదివి పాత ప్రూఫులు అటక మీంచి దింపాను. నా ఎర్ర పెన్ను గీతలు ఇంకా చెరగలేదు. ప్రతి పేజీలో పది పన్నెండు 'నేను'లు కొట్టేసి ఉన్నాయి. ఎందుకు కొట్టేశానో కూడా గుర్తొచ్చింది. తెలుగులో క్రియలోనే కర్త ఉంటుంది, మళ్లీ మళ్లీ 'నేను' అనడం వాక్యానికి బరువు అని మా గురువు నేర్పాడు. 'ఏడ్వలే' అన్నది వీరగాథలాగా ఉందని తీసేశాను. చదువుకోని మనిషి మాటను అందంగా చేస్తున్నాననుకున్నాను. పైగా పాతికేళ్లు ఎవరు కలిసినా, నేను ఆమె భాషను ముట్టుకోలేదని గొప్ప చెప్పుకున్నాను. మీ యంత్రానికి తెలుగు రాదు, నాకు వచ్చు. అందుకే నా తప్పు పెద్దది.

మర్నాడు పొద్దున్నే జహనుమా వెళ్లాను. ఆండాలు పాలు కొలుస్తోంది. ఎదురుగా నిలబడి అంతా చెప్పాను. వ్యాకరణం కూడా చెప్పబోయాను. కొలత గ్లాసు కింద పెట్టి నా చెవి దగ్గరికి వచ్చింది.

"నేను నేను అంటే నీకు బరువైందా పంతులూ? మోసింది నేను గదా."

ఆమె లోపలికి వెళ్లి మహేందర్‌ను దుకాణం మూసి రమ్మని కబురు పంపింది. అతను వచ్చాక, నువ్వు రాసి పంపిన వాన పేజీని పైకి చదవమని నాకు చెప్పింది. చెవిటివాడి చదువు ఎలా ఉంటుందో నీకు తెలుసు, నా గొంతు ఎంత పైకి పోతుందో నాకు తెలియదు. తలెత్తి చూసేసరికి వాడకట్టు వాడకట్టంతా గుమ్మాల్లోకి వచ్చింది. 'నేను పోరన్ని బర్రె మీద కట్టిన' దగ్గర మహేందర్ తల దించుకున్నాడు. 'నేను ఏడ్వలే' దాకా దించే ఉన్నాడు.

తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది నాకు వినబడలేదు, తనూజ నోటుపుస్తకంలో రాసి చూపించింది. ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదని అతను అడిగాడట. నేను చెప్పిన, పుస్తకంల చెప్పిన, గీ పంతులు కొట్టేసిండు అందట. మరి బాపుకు ఆ రోజు జ్వరమేనా అని అడిగాడట. జరమే అని ఆండాలు చెప్పిందట. ఆ మాట చదివి నోటుపుస్తకం మూసి తనూజకు ఇచ్చేశాను.

ఆ సాయంత్రమే మహేందర్ చాంద్రాయణగుట్టలో ఫ్లెక్సీ తనే విప్పేశాడు. సదర్ రోజు సంఘంవాళ్లు నాలుక కరుచుకుని, శాలువా నీకే కప్పుతాం రా అవ్వా అని వేదిక మీంచి పిలిచారు. ఆండాలు పోలేదు. వానలో తడిసిననాడు కప్పనోళ్లు ఇప్పుడెందుకు కప్పుతరు అని, వేదిక కిందే తన బర్రె కొమ్ములకు నూనె రాస్తూ కూచుంది. వాళ్ల మీద కోపం, నా మీద కోపం, నీ మీద కోపం, ఏదీ దాచుకోలేదు. దాచుకోవాల్సిన పని కూడా లేదు.

నువ్వు పంపిన కొత్త ఫైలు మొన్న ట్యాబులోకి వచ్చింది. నువ్వు చెప్పినట్టే పాతది మాయమై అదే కొత్తదైంది. తనూజ రోజూ పాలు పిండడం అయ్యాక రెండు పేజీలు చదువుతోంది. ఇప్పుడు ఆండాలు లేచిపోవడం లేదు. మధ్యలో ఆపి, గిక్కడ ఇంకో నేను ఉండాలె అని మూడు చోట్ల చెప్పింది. ఆ మూడూ ఈ ఉత్తరం వెనక రాశాను, పెట్టు.

ఇక చివరి సంగతి. పుస్తకం మొదటి పేజీలో పెట్టడానికి నేను రెండు వాక్యాలు రాసుకున్నాను. 'అచ్చు పుస్తకంలో ఆండాలు మాటల్లోంచి “నేను” అన్న మాటను తీసేసింది సదాశివ. ఈ-బుక్కులో ఆమె పనులను మరొకరికి కట్టబెడితే చూడకుండా ఒప్పుకున్నది స్ఫూర్తి.' తప్పు చేసినవాళ్ల పేర్లు పదిమందికీ తెలియాలి, మనిద్దరికీ అదే తగిన శిక్ష అనిపించింది. నిన్న ఆండాలుకు చదివి వినిపించి, పెట్టమంటావా అని అడిగాను. సంతోషిస్తుందనుకున్నాను, ఆ మాట కూడా దాచను. ఆమె నా చేతిలోంచి కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి నా జేబులోనే పెట్టింది.

"నా పుస్తకంల మళ్ల మీ ముచ్చటెందుకు పంతులూ? మీరు వేరే రాసుకోన్రి."

కాబట్టి ఆ వాక్యాలు పెట్టకు. అట్ట మీద 'సేకరణ: సదాశివ' అని ఉంది చూడు, దాన్ని కూడా తీసెయ్యి.

ఆశీస్సులతో,
మామయ్య